కుళ్ళాయమ్మ చెప్పని ఇల్లు

హలో... అందరికీ నమస్కారం. మాట వినపడుతోంది కదా? బాగున్నారా అన్నలూ, అక్కలూ, తమ్ముళ్ళూ? చేతిలో పనుంటే కానిస్తూనే వినండి. ఈ పూట మీకు ధర్మవరం కుళ్ళాయమ్మ కథ చెబుతాను. మధ్యలో పెట్టేయకండి, చివరిదాకా ఉండండి.

ధర్మవరం మగ్గాల వీధుల్లో కుళ్ళాయమ్మను ఎరగని ఇల్లు లేదు. ఆమె పని వార్పులు, అంటే మగ్గం మీద పొడుగునా సాగే పడుగు దారాలు, అతకడం. మగ్గం మీద పాత వార్పు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త వార్పు కొసలను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. వేలకు వేలు పట్టు పోగులు. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, తల దించుకుని కూర్చుంటే మళ్ళీ తల ఎత్తేది మధ్యాహ్నానికే. ఒక్క పోగు తప్పిందంటే చీర పొడుగునా గీత పడుతుంది.

ఆ పని జరిగేటప్పుడు గదిలో గాలి ఆడకూడదు. ఫ్యాను ఆపేస్తారు. కిటికీలు మూస్తారు. తలుపు దగ్గరగా వేస్తారు. పట్టు పోగులు వెంట్రుక కంటే తేలిక, కాస్త గాలి తగిలితే ఒకదానికొకటి చిక్కుపడిపోతాయి. ఆ సమయంలో పొరపాటున ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి వేసినవాళ్ళకు తిట్లు తప్పవు. ఉక్కలో, చెమటలో, అందరూ ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చుని ఉంటారు.

ఆ ఏడు తొలి వానలు పడినప్పటి నుంచి కుళ్ళాయమ్మకు దగ్గు పట్టుకుంది. పట్టు నూగు గొంతులో పడిందనుకుంది. మందుల షాపులో సిరప్పు తెచ్చుకుని తాగింది. మూడో వారానికి సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడసాగింది. జాకెట్టు వదులైంది. అప్పుడు ఆమె గుండెలో ఒక భయం కదిలింది. చిన్నప్పుడు వాళ్ళ మేనమామ ఇలాగే దగ్గి దగ్గి క్షయతో పోయాడు. ఆయన అన్నం తినే తట్ట, చెంబు వేరుగా గొడ్ల కొట్టంలో పెట్టేవాళ్ళు. ఆ సంగతి గుర్తుకొచ్చి, ఎవరికీ చెప్పకుండా, తన సంచిలో తన గ్లాసు, తన తట్ట పెట్టుకుని పనికి పోవడం మొదలుపెట్టింది.

"ఇదేందమ్మే కొత్తగా? మా గ్లాసులు నీకు పనికిరావా?" అని ఎవరైనా అడిగితే, "మొక్కుబడి లేమ్మా" అని నవ్వేసేది. ఏ రోగముందో ఏమో, ఉన్నా అది ఎవరికీ అంటకుండా ఆ సంచిలోనే కట్టేశానని ఆమె ధీమా.

ఒకరోజు దగ్గితే పైటకొంగు మీద ఎర్రటి చుక్క పడింది. మొగుడు సుంకప్ప తన ట్రాలీ ఆటోలోనే కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. కళ్ళె పరీక్ష చేశారు. టీబీ అన్నారు. ఆరు నెలలు మాత్రలు, తప్పకుండా మింగితే నయమైపోతుంది, డబ్బు పని లేదు అన్నారు.

మరునాడు పొద్దున్నే సుచిత్ర ఇంటికి వచ్చింది. టీబీ రోగుల ఇండ్లకు తిరిగే ఆరోగ్య కార్యకర్త ఆమె. ముప్పై ఏళ్ళుంటాయి, మాట గట్టి. లోపలికి పిలిస్తే రాలేదు, వాకిట్లోనే వేపచెట్టు నీడన స్టూలు వేయించుకుని, కుళ్ళాయమ్మకు ఒక మాస్కు ఇచ్చి, పుస్తకం తెరిచింది.

"అక్కా, ఈ మూడు నెలల్లో ఎవురెవురి ఇండ్లల్లో వార్పులు అతికినావో చెప్పు."

"ఎందుకు సిస్టరమ్మా? మాత్రలు మింగేది నేను గదా?"

"మాత్రలు నీకే. ఈ దగ్గు ఎవురెవురికి చేరిందో చూడాల గదా మేము?"

కుళ్ళాయమ్మకు రోషం వచ్చింది. "నేనెవురికీ అంటించలేదమ్మా! నా గ్లాసు నాదే, నా తట్ట నాదే. ఇన్ని దినాలుగా ఒగరి చెంబు ముట్టింటే నా చెయ్యి ఇరిగిపోనీ!"

సుచిత్ర పెన్ను పక్కన పెట్టింది. "టీబీ గ్లాసులో రాదక్కా. తట్టలోనూ రాదు. గాలిలో వస్తాది. నువ్వు దగ్గినప్పుడు కంటికి అగుపడని తుంపర్లు బయటికొస్తాయి. ఆరుబయటైతే గాలికి చెదిరిపోతాయి, ఎండకు చస్తాయి. మూసిన గదిలో అయితే గంటలకొద్దీ ఆడాడే తేలాడతాంటాయి. పక్కన కూచున్నోళ్ళు పీలుస్తారు."

మూసిన గదులు. ఆపేసిన ఫ్యాన్లు. కుళ్ళాయమ్మ బతుకంతా ఆ గదుల్లోనే.

"అంటే... అందురికీ వచ్చేసినట్లేనా?"

"కాదు. పీల్చినోళ్ళందురికీ రాదు. చానా మందిలో అది నిద్రపోతా ఉంటాది, ఏమీ చేయదు. కొందరిలో నెలలకో ఏండ్లకో లేస్తాది. అందుకే ఎవురు నీతో కూచున్నారు, యాడ కూచున్నారు, ఎన్ని గంటలు కూచున్నారు, ఈ మూడూ నాకు కావల్ల. అవి తెలిస్తే అది పొయ్యే దారి మనకు ముందే తెలుస్తాది. దారి తెలిస్తే అడ్డం పడొచ్చు. నీ పేరు నేను ఎవురికీ చెప్పను. ఇంటింటి సర్వే అనే పోతా."

చదువు లేని కుళ్ళాయమ్మకు తారీకులు గుర్తుండవు. రంగులు గుర్తుంటాయి. కళ్ళు మూసుకుని, పైటకొంగు అంచును వేళ్ళతో మెలిపెడుతూ చెప్పుకుంటూ పోయింది. చిలకపచ్చ వార్పు, శ్రీనివాసులు ఇల్లు, ఒకటిన్నర దినం, ఆయప్ప తల్లి పక్కనే కూచుని ఉండె. దానిమ్మ రంగు, గుడి వెనక అలివేలమ్మ ఇల్లు, ఒక దినం. పసుపు వార్పు, మిద్దె మీద మగ్గం, వాళ్ళింట్లో నలుగురు. అలా పదకొండు ఇండ్లు వచ్చాయి.

పన్నెండోది వంకాయరంగు. ఆ రంగు కళ్ళ ముందుకు రాగానే కుళ్ళాయమ్మ వేళ్ళు ఆగిపోయాయి.

అది రామచంద్ర ఇల్లు. నాలుగు మగ్గాల ఇల్లు. ఆ చుట్టుపక్కల ఎవరికి వార్పు అతకాలన్నా కుళ్ళాయమ్మను పిలిపించేది రామచంద్రే. ఆమె ఆయనను అన్నా అని పిలుస్తుంది, ఆయన భార్య వరలక్ష్మిని వదినా అంటుంది. వాళ్ళ కూతురు సాయిసుధకు కుళ్ళాయమ్మ అత్త. ఆ పిల్ల కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడే ఆ వంకాయరంగు వార్పు అతికింది. మగ్గం గదిలోనే దూలానికి ఉయ్యాల. సాయిసుధ నేతకు కండెల మీద దారం చుడుతూ, కాలి బొటనవేలికి తాడు కట్టుకుని ఉయ్యాల ఊపుతూ ఉండింది. రెండు నెలల మగబిడ్డ. కుళ్ళాయమ్మకు దగ్గు వచ్చినప్పుడల్లా వార్పు మీద పడకూడదని, మనుషుల మీద పడకూడదని మొహం పక్కకు తిప్పి దగ్గింది.

ఆ పక్కనే ఉయ్యాల ఉంది.

"అంతేనా అక్కా?" అని అడిగింది సుచిత్ర. "చిన్న బిడ్డలు ఉండే ఇల్లు ఏదైనా ఉండాదా? అయిదేండ్ల లోపల బిడ్డలకు అది తొందరగా లేస్తాది. ముందే మందు ఇస్తే రాకుండా ఆపొచ్చు."

"లేదమ్మా," అంది కుళ్ళాయమ్మ. "ఆ పదకొండే."

సుచిత్ర పోయాక సుంకప్ప గుమ్మంలో నిలబడి మెల్లగా అన్నాడు, "రామచంద్రన్న ఇల్లు చెప్పలేదు గదా నువ్వు?"

"చెప్పలేదు."

"మంచి పని చేసినావు. ఆయప్పకు తెలిస్తే ఈ వీధిలో మనకు నీళ్ళు కూడా పుట్టవు. ఒగ ఇల్లు తగ్గితే ఏమైతాదిలే."

ఏమైతుందో కుళ్ళాయమ్మకు తెలుసు. ఒక్క పోగు తప్పితే ఏమవుతుందో ఆ ఊళ్ళో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

రెండు వారాలు ఎక్కడికీ పనికి పోవద్దని చెప్పారు. మాత్రలు మింగడం, ఆరుబయట మంచం మీద కూర్చోవడం, అంతే. కూర్చోగలిగితేనా! పొద్దున లేచి వాకిలి ఊడ్చేది. గంటకు మళ్ళీ ఊడ్చేది. మధ్యాహ్నం ఇంకోసారి.

"ఏమే, ఆ పొరకకన్నా రెస్టు ఇయ్యి. వాకిలి అరిగిపోతాండాది," అన్నాడు సుంకప్ప.

"చేతులు ఊరికే ఉండలేకపోతాండాయి."

"చేతులేనా?"

ఆమె మళ్ళీ పొరక అందుకుంది. తొమ్మిదో రోజున సుచిత్ర మళ్ళీ వచ్చింది. శ్రీనివాసులు తల్లికి పరీక్ష చేస్తే టీబీ బయటపడిందట. "ముసలామె ఆయాసమనుకుని ఊరకుండె. ఇంకో నెల పోయింటే కష్టమయ్యేది. నువ్వు చెప్పబట్టే తెలిసింది అక్కా. మంచి పని చేసినావు," అంది.

మంచి పని అనే మాట కుళ్ళాయమ్మ చెవిలో ముల్లులా దిగబడింది. మొగుడు అదే మాట అన్నాడు, ఈమె అదే మాట అంటోంది. నోరు తెరవబోయింది. సుచిత్ర అప్పటికే స్కూటీ స్టార్టు చేసేసింది. ఆ దినమంతా కుళ్ళాయమ్మ గేటు దాకా పోవడం, వెనక్కి రావడం.

పదహారో రోజు పొద్దున గేటు దగ్గర వరలక్ష్మి గొంతు వినపడింది. "ఏమమ్మే కుళ్ళాయమ్మా! ఇన్ని దినాలుగా అగుపడవే? మా ఇంట్లో రాణిరంగు వార్పు వచ్చి పడుండాది, మీ అన్న మొగం మాడ్చుకుని కూచున్నాడు. ఆ మొగానికి గుడ్డ ఏంది?"

కుళ్ళాయమ్మ నాలుగడుగుల దూరంలోనే నిలబడిపోయింది. "జ్వరం వదినా. దగ్గర రావద్దు."

"ఇప్పుడు అందురికీ ఇదే రోగం. ఆడ హిందూపురంలో సుధ కొడుకు కూడా దగ్గుతాండాడంట. వారం దినాలు. పాలు సరిగ్గా తాగడంట. వాళ్ళత్త ఏమో దిష్టి దిష్టి అని పూటకొక నిమ్మకాయ తిప్పుతాండాది. నిమ్మకాయలు అమ్మేటోడు బాగుపడ్డాడు!" అని నవ్వుకుంటూ వరలక్ష్మి పోయింది.

కుళ్ళాయమ్మ ఫోను తీసి సాయిసుధకు చేసింది.

"అత్తా! ఏమత్తా, ఎన్నాళ్ళకు గుర్తొచ్చినా! బాగుండావా? వీనికి నీ జోల పాటే కావల్లంట, నేను పాడితే ఏడుస్తాడు..." వెనక బిడ్డ దగ్గు వినపడింది. చిన్న దగ్గు. పిచ్చుక పిల్ల అరుపంత.

"సుధా..." అంది కుళ్ళాయమ్మ. "ఏం లేదు తల్లీ. ఊరికే చేసినా."

ఫోను పెట్టేసి, ఆధార్ కార్డు, మాత్రల డబ్బా సంచిలో వేసుకుని స్టేషనుకు నడిచింది. సుంకప్ప బండి మీద ఎదురొచ్చి, "యాడికి పోతాండావు?" అని కేక వేశాడు. "హిందూపురానికి" అంది. అతనికి అర్థమైపోయింది. ఏమనబోయాడో ఏమో, ఆమె మొహం చూసి బండి పక్కకు తీశాడు.

ప్యాసింజరు రైల్లో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కుళ్ళాయమ్మ కూర్చోలేదు. మాస్కు సరిచేసుకుని, తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని, గాలికి ఎదురుగా నిలబడింది. ఎర్ర నేలలు, వేరుశనగ చేలు వెనక్కి పోతున్నాయి. బిడ్డకు ఏమైనా అయితే? చెప్పాక వాళ్ళు కొడితే? చెప్పకుండా తిరిగొచ్చేస్తే? స్టేషను వచ్చిన ప్రతిసారీ దిగిపోదామని ఒక కాలు ముందుకు పడేది.

పెనుకొండలో రైలు ఆగింది. ఆగింది, కదలదు. ఎదురుగా ఏదో ఎక్స్‌ప్రెస్ రావాలట. పదినిమిషాలు. పావుగంట. కుళ్ళాయమ్మ దిగి ప్లాట్‌ఫారం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. కొండ వంక చూసింది, సిగ్నలు వంక చూసింది. ఇక ఉండబట్టలేక సుచిత్రకు ఫోను చేసింది.

"సిస్టరమ్మా, ఒగ తప్పు చేసినా."

"మాత్ర మానేసినావా?" సుచిత్ర గొంతు లేచింది.

"మాత్ర కాదమ్మా. ఇల్లు. పన్నెండు ఇండ్లు పోయినా. పదకొండే చెప్పినా." వంకాయరంగు వార్పు, రెండు దినాలు, ఉయ్యాల, తను ఏ పక్కకు తిరిగి దగ్గిందో, అంతా చెప్పేసింది. "ఆ బిడ్డ ఇప్పుడు దగ్గుతాండాడు. నేను హిందూపురానికి పోతాండా."

అవతల పుస్తకం పేజీలు తిరగేస్తున్న చప్పుడు.

"పదహారు దినాలక్కా," అంది సుచిత్ర. "ఆ పొద్దే చెప్పింటే..." మళ్ళీ తనే ఆపుకుంది. "సరే. ఏడ్చేది తరవాత. విను. ఇంట్లోకి పోవద్దు, బిడ్డను ఎత్తుకోవద్దు. మాస్కు తియ్యొద్దు. గడప బయటే నిలబడి చెప్పు. ఇప్పుడే గవర్నమెంటు ఆసుపత్రికి తీసకపొమ్మను. నేను ఆడి వాళ్ళకు ఫోను చేస్తా, వాళ్ళు కాసుకోని ఉంటారు. ఇంకొక మాట. బిడ్డకు మామూలు జలుబు కూడా అయ్యుండొచ్చు. భయపెట్టొద్దు. కానీ దాచొద్దు."

ఎక్స్‌ప్రెస్ దడదడమని పోయింది. కుళ్ళాయమ్మ పరుగున రైలెక్కింది.

హిందూపురంలో సాయిసుధ అత్తగారిల్లు రైలు గేటుకు అవతల సందులో ఉంది. అత్త కృష్ణమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. "ఏనమ్మా, ధర్మవరం నుంచి ఒగర్తే వచ్చినావా? రా రా, లోపల కూకో. కాఫీ పెడతా."

"నేను లోపలికి రాను వదినా. సుధను పిలుచు. బిడ్డను ఎత్తుకోని రావద్దను."

సాయిసుధ నవ్వుతూ బయటకు వచ్చింది. కుళ్ళాయమ్మ వీధి నడుమ నిలబడి ఉంది, దారిన పోయే సైకిళ్ళు ఆమెను తప్పుకుని పోతున్నాయి.

"సుధా, నాకు టీబీ వచ్చిండాది. మీ ఇంట్లో వంకాయరంగు వార్పు అతికినప్పుడే ఉండింది. బిడ్డ ఉయ్యాల పక్కనే దగ్గినా. వాన్ని ఇప్పుడే ఆసుపత్రికి ఎత్తకపోవల్ల. మామూలు జలుబే అయ్యుండొచ్చు. కానీ చూపించల్ల. ఆడ చెప్పి పెట్టిండాము."

సాయిసుధ నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. తర్వాత మెల్లగా అడిగింది. "అత్తా, అప్పుడు నువ్వు గ్లాసు నీదే తెచ్చుకుంటివి గదా? మొక్కుబడి అంటివి. అంటే నీకు అప్పుడే తెలుసా?"

"అనుమానం ఉండె తల్లీ. గ్లాసు వేరే పెట్టుకుంటే చాలనుకుంటి."

"అనుమానం ఉండి బిడ్డ పక్కన కూచున్నావా?"

కృష్ణమ్మ చింతపండు చేట తోసేసి లేచింది. "నిమ్మకాయలు తిప్పి తిప్పి నా చేతులు పడిపోయినాయి, దిష్టి ఈడ నిలబడుండాదా! పో! ఈ వీధిలో అగుపడితే మర్యాద ఉండదు!" సాయిసుధ ఆమె మాటలు వినిపించుకోలేదు. లోపలికి పరుగెత్తి బిడ్డను తువ్వాలలో చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం పరుగెత్తింది. కుళ్ళాయమ్మ వైపు చూడలేదు. కుళ్ళాయమ్మ ఆటో మలుపు తిరిగేదాకా చూసి, స్టేషను దారి పట్టింది.

తర్వాతి రెండు దినాలు ఆమె అన్నం ముద్ద మింగిన గుర్తు లేదు. సుచిత్రకు ఎన్నిసార్లు ఫోను చేసిందో! "ఎక్స్‌రే తీసినారు", "ఇంకా పరీక్షలు ఉండాయి", "రిపోర్టు రాలేదక్కా, నువ్వు ఫోను చేస్తే అది తొందరగా రాదు."

మూడో రోజు మాత్రల కోసం ధర్మవరం ఆరోగ్య కేంద్రానికి పోతే, అక్కడ వరండాలో వరుసలో రామచంద్ర ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నారు. పరీక్షలకు పిలిపించారు. వరలక్ష్మి కుళ్ళాయమ్మను చూసి మొహం తిప్పుకుంది. సుచిత్ర బయటకు వచ్చి, అందరికీ వినపడేలా చెప్పింది.

"హిందూపురం నుంచి ఇప్పుడే ఫోను వచ్చింది. బిడ్డకు టీబీ లేదు. ఆ దగ్గు జలుబుదే. కానీ పీల్చినాడు కాబట్టి ఊరకుండేది లేదు, రాకుండా ఉండేదానికి ఆరు నెలలు మందు వెయ్యల్ల. నెల నెలా బరువు చూడల్ల. ఒగ పూట కూడా తప్పకూడదు."

వరలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. కుళ్ళాయమ్మ వరండా మెట్టు మీద కూలబడింది. పద్దెనిమిది రోజుల తర్వాత అదే ఆమె నిమ్మళంగా కూర్చోవడం. అది కూడా ఎంతోసేపు కాదు. రామచంద్ర వచ్చి కాస్త దూరంలో నిలబడ్డాడు.

"నీ మీద కోపం పోలేదు కుళ్ళాయమ్మా," అన్నాడు. "ఎప్పటికి పోతాదో నాకే తెలీదు. పని మాట ఇప్పుడు ఎత్తొద్దు."

"ఎత్తను అన్నా."

ఆయన సుచిత్ర వైపు తిరిగాడు. "సిస్టరమ్మా, ఈమె మా ఇంట్లోవాళ్ళనే చెప్పింటాది. ఆ రెండు దినాలు మా ఇంకో మగ్గం మీద ఏసుదాసు అని ఒగ పిల్లోడు కూలికి నేస్తాండె. వాని పెండ్లాం కూడా ఆడే కండెలు చుట్టేది. పండక్కని ఊరికి పోయినోళ్ళు మళ్ళీ రాలేదు. బుక్కపట్నం వాళ్ళది. ఆమె ఇప్పుడు కడుపుతో ఉండాది. వాళ్ళను కూడా రాసుకో."

సుచిత్ర పుస్తకం తెరిచింది. "నంబరు ఉండాదా అన్నా?"

రామచంద్ర జేబులు తడుముకున్నాడు. ఫోను ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.

"నా కాడ ఉండాది," అంది కుళ్ళాయమ్మ. మెట్టు మీద నుంచి లేచింది. నంబరు వెతికి తనే నొక్కింది. సుచిత్ర చెయ్యి చాపినా ఫోను ఇవ్వలేదు. అవతల రింగు పోతోంది, పోతోంది. ఎవరో ఎత్తారు.

"ఏసుదాసూ, నేనప్పా, వార్పులు అతికే కుళ్ళాయమ్మను. నీ పెండ్లాన్ని కూడా పక్కకు పిలుచు. నీకో మాట చెప్పల్ల. తిట్టేదుంటే చెప్పినాక తిట్టు, ముందు ఫోను పెట్టొద్దు."

అదండీ కథ. ఇప్పుడు మీరొక పని చెయ్యండి. రెండు వారాలు దాటి దగ్గుతూ, సిరప్పు సీసాలు మార్చుకుంటూ తిరుగుతున్న మనిషి ఒకరు మీకు ఇప్పుడు గుర్తుకొచ్చే ఉంటారు. ఈ కథ ముందు వాళ్ళకు పంపండి. తర్వాత మీ వీధి గ్రూపులో, మగ్గాల గ్రూపులో, ఇంటి గ్రూపులో పెట్టండి. మగ్గం గదిలో పని అయిపోగానే కిటికీలు తెరిచి గాలి పోనివ్వమని కూడా ఒక మాట రాయండి. మీ ఫోనులోనే ఆగిపోనివ్వకండి, ఇంకొకరికి చేర్చండి.